పాత ఆంప్లిఫయర్ బయాస్‌ను ఇంట్లోనే సరిచేసుకున్న నా అనుభవం

మా మేనమామ 1980ల తొలినాళ్లలో కువైట్ నుంచి తెచ్చుకున్న ఆంప్లిఫయర్‌ను ఈ సంక్రాంతికి చిత్తూరు నుంచి తిరుపతికి తెచ్చుకున్నాను. జపాన్‌లో తయారైన సెట్టు, ఛానెల్‌కు నలభై వాట్ల లోపు, పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచేది. వాల్యూమ్ బాగా తగ్గించి తంబూరా శ్రుతి పెడితే ఎడమ ఛానెల్‌లో సన్నటి గరగర వినిపించేది; వాల్యూమ్ పెంచితే ఆ గరగర కలిసిపోయి తెలిసేది కాదు. కుడి ఛానెల్‌లో శబ్దం శుభ్రంగానే ఉండేది కానీ, పాట ఏదీ పెట్టకుండా ఊరికే ఆన్ చేసి వదిలినా అరగంటకల్లా మూత కుడివైపు భాగం చెయ్యి ఎక్కువసేపు ఆనించలేనంతగా వేడెక్కేది. ఈ రెండు లక్షణాలకూ మూలం ఒక్కటే. సిగ్నల్ లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా కొద్దిపాటి కరెంటు పారుతూ ఉండాలి. దాన్నే బయాస్ కరెంటు అంటాం. అది మరీ తగ్గితే తక్కువ శబ్దంలో గరగర వస్తుంది, మరీ పెరిగితే వేడి వస్తుంది. ఎడమవైపు అది పడిపోయింది, కుడివైపు పెరిగిపోయింది. దాన్ని సరిచేయడానికి సంక్రాంతికి మొదలుపెట్టిన పని ఉగాది ముందుకు గానీ తెమలలేదు.

సెట్టు మోడల్ నంబరును కావాలనే రాయడం లేదు, ఎందుకంటే కింద నేను చెప్పే మిల్లీవోల్టుల అంకెలు ఆ ఒక్క సెట్టుకు చెందినవి. దానిలో ఎమిటర్ రెసిస్టర్లు (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కరెంటు పారే చిన్న రెసిస్టర్లు) 0.47 ఓంలవి కనుక, ఒక్కో రెసిస్టర్ రెండు చివరల మధ్య 14 మిల్లీవోల్టులు కనిపిస్తే సుమారు 30 మిల్లీయాంపియర్ల కరెంటు పారుతున్నట్టు లెక్క. 0.22 ఓంల రెసిస్టర్లున్న సెట్టుకు ఎవరైనా అదే 14 మిల్లీవోల్టులు పెడితే కరెంటు 60 మిల్లీయాంపియర్లు దాటిపోతుంది. మీ సెట్టు అంకెలు మీ సెట్టు సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటాయి, అక్కడి నుంచే తీసుకోవాలి.

ముందుగా ఊళ్లోనే బాగు చేయించాలని చూశాను. గాంధీ రోడ్డు వైపు ఒకరిద్దరు మెకానిక్కులను అడిగితే, అందులో వయసులో పెద్దాయన మూత తీయించి, టార్చి వేసి చాలాసేపు చూసి, "ఈ పార్టులు ఇప్పుడు యాడ దొరకతాయి సార్, లోపల బోర్డు తీసేసి కొత్త ఐసీ బోర్డు ఏసిస్తా, జమ్మని పాడతాది" అన్నారు. ఆయన అడిగిన మొత్తం రెండున్నర వేలు. ఆయన్ను తప్పుపట్టలేను. పెళ్లిళ్లకు, గుళ్లకు మైకుసెట్లు రాత్రికి రాత్రి సిద్ధం చేసి ఇవ్వాల్సిన పని ఆయనది; ఒక పాత సెట్టు ముందు గంటల తరబడి మీటరు పట్టుకుని కూర్చుంటే ఆయన దుకాణం నడవదు. కానీ ఆ బోర్డు తీసేస్తే మామ కొన్న సెట్టులో మిగిలేది ముందు పలక, నాబ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే. సెట్టును ఆటోలో ఇంటికి తెచ్చేసుకున్నాను. నేను ఎప్పుడో ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసినవాణ్ణి, చేస్తున్న ఉద్యోగం మాత్రం వేరు. సోల్డరింగ్ చేతికి అలవాటే గానీ ఆంప్లిఫయర్ లోపల చెయ్యి పెట్టడం ఇదే మొదలు.

సర్వీస్ మాన్యువల్ స్కాన్ ప్రతి ఇంటర్నెట్‌లో దొరికింది. దొరికిందనగానే సంతోషించాను గానీ, స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, ఉన్న పేజీ ఫోనులో పెంచి చూస్తే అక్షరాలు అలికినట్టు ఉన్నాయి. యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపులో దాన్ని ఏ3 కాగితం మీద రెండు ముక్కలుగా ప్రింటు తీయించి, గోడకు అతికించి, పెన్సిలుతో ఒక్కో దారినీ గీసుకుంటూ వెళ్లాను. ఏ ప్రీసెట్ (బయాస్‌ను సరిచేయడానికి తిప్పే చిన్న రెసిస్టర్) ఏ ఛానెల్‌ది, దాన్ని ఎటు తిప్పితే కరెంటు తగ్గుతుంది, మీటరు మొనలు ఎక్కడ పెట్టాలి అన్న మూడు విషయాలు తేలడానికి రెండు మూడు సాయంత్రాలు పట్టింది. సెట్టు ముట్టుకోకుండా గడిచిన ఆ సాయంత్రాలే తర్వాత నన్ను ఎక్కువగా కాపాడాయి. బయాస్‌ను నిర్ణయించే ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు. ప్రీసెట్ బేస్‌కూ కలెక్టర్‌కూ మధ్య ఉన్న సర్క్యూట్లలో దాని కాంటాక్టు తప్పితే కరెంటు ఒక్కసారిగా పైకి దూసుకుపోయి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఉన్నవాటిలో కాంటాక్టు తప్పితే కరెంటు పడిపోతుంది. మామ సెట్టు మొదటి రకానిది. ఆ సంగతి కాగితం మీద తేలిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ల నాటి చిన్న కార్బన్ పట్టీ మీద ఆ ట్రాన్సిస్టర్ల ప్రాణం ఆధారపడి ఉంది, మామ దాన్ని రోజూ వాడుతూనే ఉన్నారు.

తర్వాత సిరీస్ బోర్డు తయారు చేసుకోవాలి. సెట్టుకు వెళ్లే కరెంటు లైనులో వంద వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెడితే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు పూర్తిగా వెలిగి కరెంటును అడ్డుకుంటుంది, సెట్టు బతుకుతుంది. హోల్డరు, సాకెట్టు, చెక్క పెట్టె పది నిమిషాల్లో దొరికాయి. వంద వాట్ల గుండు బల్బు మాత్రం దొరకలేదు. ఏ షాపులో అడిగినా ఎల్ఈడీయే చూపించారు. చివరికి కొర్లగుంట వైపు ఒక హార్డ్‌వేర్ షాపులో పై అరలోంచి దుమ్ము దులిపి తీసి ఇచ్చారు. ఇప్పుడు వీటిని ఎవరు కొంటున్నారని అడిగితే, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం ఫారాలవాళ్లు పట్టుకుపోతారని చెప్పారు. ఈ పని తలపెట్టేవాళ్లకు నా సలహా ఇదే: ఎలక్ట్రానిక్స్ షాపుల చుట్టూ తిరగకుండా కోళ్ల ఫారాలకు సామాను అమ్మే చోట అడగండి.

మా పెద్దబావ పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. మీటరు తెచ్చుకుని ఆయన దగ్గర కూర్చుంటే, సెట్టు వైపు చూడకుండానే, "అది యాడికీ పోదులే బామ్మర్దీ, ముందు మీటర్లో బ్యాటరీ మార్చు" అన్నారు. డిజిటల్ మల్టీమీటరులో 9 వోల్టుల బ్యాటరీ నీరసించిపోతే అది కొలతలను ఎక్కువ చేసి చూపిస్తుంది. బ్యాటరీ గుర్తు తెర మీద అప్పుడప్పుడు మిణుకుమంటున్నా నేను పట్టించుకోలేదు, ఆయన చూపు మాత్రం మొదట దాని మీదే పడింది. కొత్త బ్యాటరీ వేసి చూస్తే అదే రెసిస్టర్, అదే టార్చి సెల్, అంకెలు వేరు. ఆయనే తన పాత డిమ్మర్‌స్టాట్‌ను కూడా ఇచ్చారు. గుండ్రటి చక్రం తిప్పుతూ సున్నా నుంచి 270 దాకా వోల్టేజీ పెంచుకోగలిగిన ఆ బరువైన పరికరం లేకపోతే ఈ పనిలో సగం కుదిరేది కాదు. అయితే అది వోల్టేజీని మార్చుతుందే తప్ప కరెంటు లైను నుంచి మనిషిని వేరు చేయదు, దాని వైపు తీగలు తాకితే షాకు తప్పదు అని ఆయన తలుపు దగ్గర నిలబడి మళ్లీ చెప్పారు.

జనవరి చివరి ఆదివారం మూత పూర్తిగా విప్పాను. వెనుక వోల్టేజీ సెలెక్టర్ 240 మీదే ఉంది, కువైట్‌లో కూడా 240 కనుక మామ దాన్ని ఎప్పుడూ కదపలేదు. పెయింటు బ్రష్షుతో దుమ్ము తీసి, సప్లై చార్జిని నిల్వ ఉంచే మెయిన్ కెపాసిటర్ల వైపు వెళ్లాను. స్విచ్ ఆపినా వాటిలో చాలాసేపు చార్జి మిగిలి ఉంటుంది. కొందరు స్క్రూడ్రైవర్ మొనతో షార్టు చేస్తారు, నిప్పురవ్వ లేస్తుంది, కెపాసిటర్‌కూ కంటికీ మంచిది కాదు. ఐదు వాట్ల 1 కిలో ఓం రెసిస్టర్‌కు రెండు క్లిప్పులు కట్టుకుని, మీటరు పక్కనే పెట్టుకుని, 38 వోల్టుల నుంచి అంకె దిగుతూ ఒక వోల్టు కిందికి రావడం కళ్లారా చూసిన తర్వాతే చెయ్యి పెట్టాను. చివరి రోజు దాకా ప్రతిసారీ ఇలాగే చేశాను.

మొదటి కొలతలు సిరీస్ బల్బుతో మొదలుపెట్టాను. స్పీకర్లు కలపలేదు, ఇన్‌పుట్ పిన్నులు షార్టు చేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచాను. బల్బు క్షణకాలం బాగా వెలిగి, ఎర్రటి తీగగా మారి, మరీ సన్నగిల్లింది. స్పీకర్లను కలిపే రిలే 'టక్' మని పడిన శబ్దం వినగానే ఊపిరి పీల్చుకున్నాను. లోపల షార్టు లేదని తెలిశాక బల్బు తీసేసి, డిమ్మర్‌స్టాట్ మీద నెమ్మదిగా 230కి తెచ్చాను. బల్బు సిరీస్‌లో ఉండగా బయాస్ కొలిస్తే సెట్టుకు వోల్టేజీ తక్కువ వెళ్తుంది కనుక ఆ అంకెకు విలువ ఉండదు. మీటరుకు మామూలు మొనలు కాకుండా కొక్కెం లాంటి క్లిప్పులు వాడాను. కరెంటు పారుతుండగా మొన జారి ట్రాన్సిస్టర్ పక్క కాలికి తగిలితే అది పోవడానికి క్షణం చాలు. క్లిప్పులు తగిలించేది సెట్టు ఆపి ఉన్నప్పుడే.

ఎడమ ఛానెల్‌లో 1.2 మిల్లీవోల్టులు కనిపించాయి, అంటే 3 మిల్లీయాంపియర్లు కూడా లేవు. కుడి ఛానెల్‌లో 37. లెక్క వేస్తే 79 మిల్లీయాంపియర్లకు దగ్గర. ప్లస్ 38, మైనస్ 38 వోల్టుల చొప్పున ఉన్న సప్లై మీద ఆ ఛానెల్ ఒక్కటే ఊరికే ఉండి 6 వాట్ల వేడి పుట్టిస్తోంది, ఉండాల్సింది 2.3 వాట్లు. చూస్తుండగానే అంకె 38, 39 అని పైకి పోతుంటే ఆపేశాను. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ ఆఫ్‌సెట్ (పాట లేనప్పుడు కూడా అక్కడ మిగిలే డీసీ వోల్టేజీ) ఎడమవైపు 12 మిల్లీవోల్టులే, కుడివైపు 68. ఆ 68 స్పీకర్‌ను కాల్చేంత కాదు గానీ ఉండాల్సిన అంకె కూడా కాదు. చాలా సెట్లకు 50 లోపు ఉంటే నెట్టుకురావచ్చు, 20 లోపు ఉంటేనే నాకు తృప్తి. ఎమిటర్ రెసిస్టర్లే మారిపోయాయేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి, సెట్టు ఆపి వాటినీ కొలిచాను. ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. మీటరు రెండు తీగలను ఒకదానికొకటి తాకించినా తెర మీద 0.3 ఓం కనిపిస్తుంది, ఆ 0.3 తీగలది. దాన్ని తీసివేయకపోతే మంచి 0.47 రెసిస్టర్ కూడా పాడైనట్టు కనిపిస్తుంది. నాలుగూ బాగానే ఉన్నాయి.

కుడివైపు ప్రీసెట్‌ను వెంట్రుకవాసి తిప్పి చూశాను. అంకె 37 నుంచి 9కి పడింది, అక్కడి నుంచి ఇంకొంచెం కదిలిస్తే 40 దాటింది. కాంటాక్టు క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే కొంత కుదురుకుంది కానీ, ఆ ప్రీసెట్‌ను నమ్మి మామ సెట్టును మళ్లీ మూసిపెట్టడానికి మనసొప్పలేదు. రెండు ఛానెళ్లవీ మార్చేయాలని నిర్ణయించుకున్నాను. ఆ రాత్రి మామకు ఫోన్ చేసి సెట్టు విప్పానని చెప్పినప్పుడు ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నీ ఇష్టం నాయనా, జాగర్త" అన్నారు. ఆ రెండు మాటల బరువు పని పూర్తయ్యేదాకా నా మీదే ఉంది.

తిరుపతిలో దొరికిన ప్రీసెట్లు పదిహేను, ఇరవై రూపాయలవి, ఒకే చుట్టు తిరిగేవి, చేతిలోనే వదులుగా కదిలేవి. ఫిబ్రవరి మొదటి శనివారం ఉదయం గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి కనుక శనివారమే ఎంచుకున్నాను. బోర్న్స్ 3296 రకం సెర్మెట్ ప్రీసెట్లు ఒక్కొక్కటి అరవై రూపాయలకు పైనే పడ్డాయి. ఇవి ఒక చివర నుంచి మరో చివరకు వెళ్లాలంటే పాతిక చుట్లు తిప్పాలి, దుమ్ము లోపలికి పోకుండా మూసి ఉంటాయి. రెండు మాటలు తమిళం, నాలుగు మాటలు తెలుగు కలిపి నేను అడుగుతుంటే, కౌంటర్లో అబ్బాయి శుభ్రమైన తెలుగులో "ఏ వాల్యూ కావాలన్నా?" అన్నాడు. ఎనిమిది ఓంల యాభై వాట్ల డమ్మీ లోడ్ రెసిస్టర్లు రెండు, మంచి సోల్డరింగ్ లెడ్, సిగ్నల్‌ను పోనిచ్చి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్లు కొన్ని కూడా అక్కడే తీసుకున్నాను.

మెయిన్ కెపాసిటర్లు మాత్రం మార్చలేదు. పాత సెట్టు అనగానే కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయాలన్న మాటతో నేను ఏకీభవించను. వాటి కెపాసిటెన్సు రాసి ఉన్న విలువకు దగ్గరగానే ఉంది, సప్లై మీద ఏసీ రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఏసీ అల) 40 మిల్లీవోల్టుల లోపే ఉంది, అడుగున కారిన మరక లేదు. కొలతలో తప్పు కనబడని భాగాన్ని తీసి, నిజమైనదో నకిలీదో తెలియని కొత్త దాన్ని పెట్టడంలో నాకు అర్థం కనిపించలేదు.

ఈ సెట్టులో డీసీ ఆఫ్‌సెట్ సరిచేయడానికి వేరే ప్రీసెట్ లేదు. ఇన్‌పుట్ దగ్గర జంటగా పనిచేసే రెండు చిన్న ట్రాన్సిస్టర్లు సమానంగా ఉంటేనే అది తగ్గుతుంది. కప్లింగ్ కెపాసిటర్లు మార్చాక 68 కాస్తా 61 అయింది, అంతకు మించి దిగలేదు. అసలు ట్రాన్సిస్టర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వాటికి బదులుగా వాడే కేఎస్ఏ992లను ఆన్‌లైన్‌లో ఓ ఇరవై తెప్పించుకున్నాను. వారం అన్నది పన్నెండు రోజులు పట్టింది. ఇరవై ఎందుకంటే వాటిలోంచి జోడీని ఏరుకోవాలి. మీటరు మీద ట్రాన్సిస్టర్ గెయిన్ కొలిచే హెచ్ఎఫ్ఈ సాకెట్టులో ఒక్కోదాన్నీ గుచ్చి గెయిన్ రాసుకుంటూ పోతే మొదటి విడతలో అంకెలు ఏవీ నిలకడగా లేవు. వేళ్ల మధ్య పట్టుకున్న ట్రాన్సిస్టర్ ఒంటి వేడికే 412 నుంచి 425కు ఎక్కుతోంది, వదిలేస్తే నిమిషానికి గానీ దిగడం లేదు. ఆ తర్వాత అన్నింటినీ బల్ల మీద వరుసగా పేర్చి, చిన్న పట్టకారుతో మాత్రమే ముట్టుకుంటూ, సాకెట్టులో పెట్టాక అంకె ఆగేదాకా చూసి రాసుకున్నాను. దగ్గరి జోడీ 408, 409 దొరికింది. వాటి బల్లపరుపు ముఖాలు రెండూ కలిసేలా, మధ్య కొంచెం హీట్‌సింక్ కాంపౌండ్ పూసి, పైన చిన్న ష్రింక్ స్లీవు తొడిగి బోర్డులో పెట్టాను. రెండూ ఒకే వేడిలో ఉంటే ఆఫ్‌సెట్ మారకుండా ఉంటుంది. కుడి ఛానెల్ ఆఫ్‌సెట్ 7 మిల్లీవోల్టులకు వచ్చింది. ఎడమ 12 దగ్గరే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

కొత్త ప్రీసెట్లు బిగించేముందు వాటిని అతి తక్కువ కరెంటు వచ్చే చివరకు తిప్పి, మీటరుతో కొలిచి నిర్ధారించుకున్నాను. ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి అసలు పని మొదలైంది. సిరీస్ బల్బు మీద ఒకసారి చూసి, బల్బు తీసేసి, 230 వోల్టుల మీద ఆన్ చేస్తే రెండు వైపులా ఒక మిల్లీవోల్టుకు కాస్త అటూ ఇటూగా ఉంది. ఎడమ ప్రీసెట్ స్క్రూను ప్లాస్టిక్ మొన ఉన్న డ్రైవరుతో నెమ్మదిగా తిప్పితే మొదటి కొన్ని చుట్లకు అంకె కదలనే లేదు, ఆ తర్వాత 2, 3, 5 అంటూ మెత్తగా ఎక్కింది. పాత ప్రీసెట్ దూకుడు చూసిన కళ్లకు ఆ మెత్తదనమే ఎంతో ఊరటనిచ్చింది. పది దగ్గర ఆపి, కుడివైపునూ పదికి తెచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఈ పనిలో తిప్పడం ఒక నిమిషం, ఆగడం అరగంట. ట్రాన్సిస్టర్ల వేడిని లాగే లోహపు హీట్‌సింక్ వేడెక్కేకొద్దీ అంకె మారుతూ ఉంటుంది. మారుతున్న అంకెను తరుముతూ స్క్రూ తిప్పితే రాత్రంతా తిప్పుతూనే ఉండాలి. పాలు తోడుపెట్టిన గిన్నెను కదపకుండా వదిలేసినట్టు దాన్ని వదిలేయాలి. పది దగ్గర పెట్టిన ఎడమ ఛానెల్ అరగంటకు 11.3 అయింది, కుడి 11.8. అప్పుడు 13కు పెంచి, మళ్లీ అరగంట. నాకు అర్థం కాని ఊగిసలాట మాత్రం ఒకటి మిగిలింది. రెండు అంకెలూ ఒక మిల్లీవోల్టు మేర అటూ ఇటూ ఆడుతూనే ఉన్నాయి. దానికి కారణం సీలింగ్ ఫ్యాను. మూత తీసిన సెట్టు మీద గాలి తగులుతుంటే హీట్‌సింక్, దాని వేడిని పసిగట్టి బయాస్‌ను సర్దే సెన్సింగ్ ట్రాన్సిస్టర్ ఒకే తీరులో చల్లబడవు. ఫ్యాను ఆపగానే అంకె నిలబడింది. ఆ తర్వాత ఈ పనికి కూర్చున్న ప్రతి రాత్రీ కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, తువ్వాలుతో చెమట తుడుచుకుంటూనే కూర్చున్నాను. మార్చి వచ్చేసరికి మా తిరుపతి ఇళ్లలో ఫ్యాను లేకుండా గంట కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు.

డిమ్మర్‌స్టాట్ తీసేసి గోడ సాకెట్టు మీదే సెట్టును నడిపి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మా ఇంట్లో సాయంత్రం ఎనిమిదింటికి వోల్టేజీ 222 దగ్గర ఉంటే, రాత్రి పదకొండున్నర దాటాక 243 దాకా వెళ్తోంది. దానితో పాటే సెట్టు లోపలి సప్లై, బయాస్ కూడా కదిలాయి. అదే ప్రీసెట్ స్థానంలో సాయంత్రం 13.2 చూపించిన రెసిస్టర్ అర్ధరాత్రికి 14.6 చూపించింది. సాయంత్రం వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు 14కు పెట్టి మూత వేసేస్తే, అర్ధరాత్రి అది మనం అనుకున్న దానికంటే పైన ఉంటుంది. అందుకే డిమ్మర్‌స్టాట్‌తో 230ని నిలబెట్టి సెట్ చేసి, 245 దగ్గర ఎంత పైకి పోతుందో కూడా కొలిచి రాసుకున్నాను. డిమ్మర్‌స్టాట్ లేనివాళ్లు కనీసం సెట్ చేసేటప్పుడు గోడ సాకెట్టు వోల్టేజీ ఎంతో కాగితం మీద రాసుకుంటే, తర్వాత అంకె తేడా వచ్చినప్పుడు కంగారు పడే అవసరం ఉండదు.

మూత వేశాక ఏమవుతుందన్నది చివరి ప్రశ్న. క్లిప్పుల తీగలను మూత మీది గాలి కంతల గుండా బయటికి తీసి, మూత బిగించి, గంటసేపు వదిలాను. తెరిచి ఉన్నప్పుడు 14 ఉన్నది మూత వేశాక 16 దాటింది. మాన్యువల్ తెరిచి ఉన్న సెట్టుకే అంకె ఇచ్చింది కానీ మన గదుల వేడికి అది సరిపోదని నా అభిప్రాయం. ఏప్రిల్, మే నెలల్లో ఈ సెట్టు ఉండబోయే గదిలో మధ్యాహ్నం వేడి ఎంత ఉంటుందో నాకు తెలుసు. మూత తీసినప్పుడు 12.2 ఉండేలా తగ్గించి మళ్లీ మూసి చూస్తే రెండు ఛానెళ్లూ 14కు కాస్త అటూ ఇటూగా స్థిరపడ్డాయి. మార్చి 8న ఆ అంకెల దగ్గర ప్రీసెట్ స్క్రూల మీద గోళ్ల రంగు చుక్క పెట్టి కదలకుండా చేశాను.

ఆ తర్వాతి వారాంతంలో ఛానెళ్ల సమానత చూశాను. స్పీకర్ల బదులు డమ్మీ లోడ్ రెసిస్టర్లు కలిపి, ఫోను నుంచి 400 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, రెండు వైపులా ఏసీ వోల్టేజీ కొలిచాను. మామూలు మీటర్లు ఏసీని 50 హెర్ట్జ్ నుంచి కొన్ని వందల హెర్ట్జ్ వరకే నమ్మకంగా చూపిస్తాయి, అందుకే 1 కిలోహెర్ట్జ్ వాడలేదు. ఎడమ 1.00 వోల్టు ఉన్నచోట కుడి 0.91, అంటే సుమారు 0.8 డెసిబెల్ తేడా. వాల్యూమ్ కంట్రోల్‌లో క్లీనర్ వేసి, ఓపిగ్గా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పిన తర్వాత 0.97కు చేరింది. మిగిలిన తేడా బాలెన్స్ నాబ్‌తో సరిపోతుంది. 2.83 వోల్టుల దగ్గర, అంటే ఎనిమిది ఓంల మీద ఒక వాటు దగ్గర, పావుగంట నడిపినా రెండు హీట్‌సింకులూ ఒకే వేడిలో ఉన్నాయి.

స్పీకర్లు కలిపి, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, వాల్యూమ్ అడుగంటా తగ్గించి తంబూరా శ్రుతి పెట్టాను. ఎడమ స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. గరగర లేదు. తీగ మీటిన తర్వాత నాదం సన్నగిల్లుతూ పోయే చివరి భాగం, ఇంతకు ముందు చిరిగిపోయినట్టు వినిపించేది, ఇప్పుడు కుడివైపు ఎలా ఉందో ఎడమవైపూ అలాగే ఉంది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను, ఆనందంతో కళ్లు తడిశాయి. మరునాడు మామకు ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టి వినిపిస్తే, "వేడి ఎట్లుంది?" అని అడిగారు. రెండు వైపులా చెయ్యి ఆనించి చెప్పాను.

ఖర్చు మొత్తం నాలుగున్నర వేలు దాటింది. అందులో ఆంప్లిఫయర్ లోపలికి వెళ్లిన భాగాల విలువ ఎనిమిది వందలు కూడా లేదు. మిగిలినది డమ్మీ లోడ్, క్లిప్పులు, క్లీనర్ డబ్బా, సిరీస్ బోర్డు, ట్రాన్సిస్టర్ల పార్సిల్, చెన్నై ప్రయాణం. పనిముట్లు ఉన్నవాళ్లకు ఇంత కాదు. మూత లోపలి వైపు ఒక కాగితం అతికించి దాని మీద తేదీ, గది వేడి, గోడ వోల్టేజీ, రెండు ఛానెళ్ల బయాస్, ఆఫ్‌సెట్ రాసి పెట్టాను. ఉగాది ముందు రోజు మళ్లీ కొలిస్తే ఎడమ 14.1, కుడి 14.4, ఆఫ్‌సెట్ అంకెలు మారలేదు. టేప్ మానిటర్ స్విచ్ ఇంకా అప్పుడప్పుడు చిటపటమంటోంది, రికార్డ్ ప్లేయర్ కోసం ఉన్న ఫోనో బోర్డు వైపు నేను ఇంకా వెళ్లలేదు. మే నెల వేడిలో ఒకసారి బయాస్ కొలిచి చూసిన తర్వాతే ఆ రెండింటి పని పట్టుకుంటాను.